పాత వ్యాన్‌తో ట్రైలర్ లాగొచ్చా? లాగొచ్చు, ముందు బరువులు చూసుకుంటే

మీరు డాలస్‌లో ఉంటున్నామని, ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కొనబోతున్నామని, దాన్ని లాగడానికి కొత్త పికప్ ట్రక్ తీసుకోవాలా లేక పాత ఫుల్‌సైజ్ వ్యాన్ కొని మనకు కావలసినట్టు మార్పించుకుంటే సరిపోతుందా అని అడిగారు. నా దగ్గర ఫోర్డ్ ఈ-350 ఉంది. 2006 మోడల్, వీ10 ఇంజన్, పన్నెండు సీట్ల మామూలు పొడవు వ్యాన్. ఇంట్లో మనుషులు ఎక్కువుంటే నా ఓటు వ్యాన్‌కే.

పికప్ కొనేవాళ్లంతా ఒకే అంకె చెబుతారు: "మాది పదకొండు వేల పౌండ్లు లాగుతుంది." అది బ్రోషర్ అంకె. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. ట్రైలర్ ముక్కు హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, కూడా ఆ లెక్కలోకే వస్తుంది. లెదర్ సీట్లు, అద్దాల పైకప్పు ఉన్న హాఫ్-టన్ (పెద్ద పికప్‌లలో తేలిక తరగతి) పికప్‌లలో చాలావాటికి ఆ స్టిక్కర్ మీద 1,400 నుంచి 1,800 పౌండ్లే ఉంటుంది. ట్రైలర్ ముక్కుకు 650 తీసేయండి. మిగిలిన దాంట్లో అమ్మ, నాన్న, భార్య, పిల్లలు, వెనక తొట్టిలో ఐస్ బాక్సు, జనరేటర్. ఇంజన్ సుబ్బరంగా లాగుతుంది, కానీ వెనక స్ప్రింగులు, టైర్లు ఎప్పుడో హద్దు దాటేసి ఉంటాయి. అరవై, డెబ్భై వేల డాలర్లు పెట్టి కొనే బండికి ఆ స్టిక్కర్ చూపించే సేల్స్‌మన్ నాకు ఇంతవరకు తగల్లేదు.

నా వ్యాన్ వన్-టన్, అంటే ఎక్కువ బరువు మోసే చాసిస్ మీద కట్టింది. చివరి బెంచీ తీసేస్తే ఎనిమిది సీట్లు మిగులుతాయి. మనుషులు, సామాను, ట్రైలర్ ముక్కు అన్నీ కలిపినా ఇంకా చోటుంటుంది. సరైన గేర్ రేషియో, సరైన హిచ్ ఉంటే వీ10కి కంపెనీ ఇచ్చిన హద్దు 10,000 పౌండ్లు. నాది అందులో సగం కన్నా కొంచెమే ఎక్కువ లాగుతుంది. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది, దానికి సిద్ధపడాలి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చిన వేసవిలో అందరం కొలరాడో బయలుదేరాం. మేం నలుగురం, వాళ్లిద్దరు, మా బావమరిది, అతని భార్య. యూఎస్ 287 హైవే మీద అమరిల్లో దాకా వెళ్లి, అక్కడి నుంచి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రాటన్ కనుమ ఎక్కడం మా దారి. ముందురోజే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలను తూచే కాటా) మీద తూకం వేయించాను. ట్రైలర్ 5,600 పౌండ్లు, టంగ్ వెయిట్ 650. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద ఉండాలి కాబట్టి అది సరైన తూకమే.

విచిటా ఫాల్స్‌లో పులిహోర, పెరుగన్నం తినడానికి ఆగాం. తిన్నాక నేను పెట్రోలు సంగతి చూస్తుంటే, రాత్రికి తీసుకోవడం సులువని మా బావమరిది నీళ్ల కేసులు, రెండు ఐస్ బాక్సులు, జనరేటర్ ట్రైలర్ ముందు అర నుంచి తీసి వెనక వంటగదిలో సర్దాడు. ఎవరైనా చేసే పనే. వెర్నన్ దాటాక ఒక సెమీ ట్రక్ మమ్మల్ని దాటింది. దాని గాలి ముందు ట్రైలర్‌ని పక్కకు తోసి, తర్వాత లోపలికి లాగింది. మామూలుగా అయితే ఒక ఊపు ఊగి సర్దుకుంటుంది. ఆ రోజు రెండో ఊపు మొదటిదాని కన్నా పెద్దదైంది. మూడోది ఇంకా పెద్దది. హిచ్‌కి స్వే బార్ (ఊపును అణిచే కడ్డీ) ఉంది, అయినా అద్దంలో ట్రైలర్ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పూర్తిగా కనబడుతోంది. వ్యాన్ వెనక భాగాన్ని కూడా పట్టి ఈడుస్తోంది. వెనక సీట్లో అమ్మ "రామ రామ" అంటోంది.

అలాంటప్పుడు బండి బ్రేకు తొక్కితే వెనకున్న బరువంతా ముందుకు తోసుకొస్తుంది, వ్యాన్ అడ్డం తిరుగుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డు కింద బ్రేక్ కంట్రోలర్‌కి ఉన్న చిన్న మీటను వేలితో నొక్కాను. అది ట్రైలర్ చక్రాల బ్రేకులను మాత్రమే పట్టిస్తుంది. ట్రైలర్ వెనక్కి గుంజుకుని, సాగదీసిన తాడులాగా వ్యాన్ వెనక నిటారుగా నిలబడింది. ఆ మీట మీకు చూడకుండా చేతికి తగలాలి. ఇన్‌స్టాల్ చేసేవాళ్లు మోకాలి కింద ఎక్కడో బిగించేస్తుంటారు, ఒప్పుకోవద్దు.

రోడ్డు అంచున షోల్డర్ మీద ఆపి తలుపు తీస్తే విషయం అర్థమైంది. నాన్న దిగి వచ్చి చూశారు. ఆయన గుంటూరు జిల్లాలో ఎడ్లబండి తోలిన మనిషి. "వెనకబరువైతే కాడి ఎద్దుల మెడ మీద ఆనదురా, పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. బండి తోలేవాడు మొదట చూసేది అదే," అన్నారు. తర్వాత నేను లెక్క వేశాను. జరిపిన సామాను సుమారు 300 పౌండ్లు. అది వెనక్కి జరిగింది 18 అడుగులు. హిచ్ బాల్ నుంచి ట్రైలర్ ఇరుసుల దాకా 15 అడుగులు. 300ని 18తో గుణించి 15తో భాగిస్తే 360. అంటే ముక్కు మీది 650 కాస్తా 290కి పడిపోయింది, అయిదు శాతం. ట్రైలర్ మొత్తం బరువులో ఒక్క పౌండు మారలేదు, చోటు మారింది అంతే. సామానంతా ముందుకు చేర్చాక అమరిల్లో దాటి, అడ్డగాలిలో, రాటన్ మీద 7,834 అడుగుల ఎత్తు దాకా ఎక్కి దిగినా ట్రైలర్ మళ్లీ ఊగలేదు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకుండా గేరు తగ్గించి దిగాను.

అందుకే నేను ఎవరికైనా తూకం సంగతే మొదట చెబుతాను. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పేసి వ్యాన్ ఒక్కదాన్ని ఒకసారి తూచండి. రెండుసార్లూ వ్యాన్ చక్రాల మీద పడిన బరువును మాత్రమే చూస్తే, ఆ తేడాలో టంగ్ వెయిట్ దాదాపుగా తెలిసిపోతుంది. అదే రోజు రెండోసారి తూచితే ధర కూడా తక్కువ. రెస్టారెంట్‌లో ఒక పూట భోజనానికి అంతకన్నా ఎక్కువ పెడతాం.

వ్యాన్ మార్పుల విషయానికి వస్తే, వీడియోలు చూసి వ్యాన్‌ని ఇల్లు చేయకండి. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పెద్ద షీటు ఒక్కటే 60, 70 పౌండ్లుంటుంది. అలాంటివి నాలుగు, పైన కప్‌బోర్డులు, సింకు, నీళ్ల ట్యాంకు పెడితే వన్-టన్ వ్యాన్ కొన్న లాభమంతా చెక్కకే పోతుంది. పాత కన్వర్షన్ వ్యాన్‌లు, ఎత్తు పైకప్పు, ఓక్ చెక్క, సోఫా బెడ్ ఉన్నవి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ బరువు పేలోడ్‌లోంచే, అంటే స్టిక్కర్ మీది హద్దులోంచే పోతుంది, ఆ ఎత్తు అడ్డగాలికి దొరుకుతుంది. నేను చేయించింది కొంచెమే: కార్పెట్ పీకేసి రబ్బరు మ్యాట్, పైకప్పులో ఫ్యాను, అర అంగుళం ప్లైతో విప్పి మడిచే మంచం, ఒక లిథియం బ్యాటరీ. కంపెనీ ఇచ్చిన వెనక ఏసీని ముట్టుకోలేదు. టెక్సస్ ఎండలో దాన్ని పీకేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. సీట్లను పక్కకు తిప్పి బిగించడం మరీ ఘోరం. పిల్లలు కూర్చునే సీటు కంపెనీ బిగించిన చోటే, కంపెనీ బెల్టుతోనే ఉండాలి.

పొడవు వ్యాన్, అంటే పదిహేను సీట్లది, ట్రైలర్ కోసం తీసుకోవద్దు. దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కూడా చిన్నదాని మాదిరే 138 అంగుళాలు. పెరిగిందంతా వెనక చక్రాల తర్వాతే. హిచ్ వెనక చక్రాలకు ఎంత దూరమైతే ట్రైలర్‌కి వ్యాన్‌ని తిప్పే బలం అంత ఎక్కువ. పైగా పది మంది, అంతకు మించి ఎక్కితే ఈ పదిహేను సీట్ల వ్యాన్‌లు బోల్తా పడే రేటు తక్కువ మంది ఉన్నప్పటికన్నా దాదాపు మూడు రెట్లని ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001లోనే హెచ్చరించింది.

ఈ-సిరీస్ వ్యాన్‌లు అమెరికాలో 2014 మోడల్‌తో ఆగిపోయాయి, కాబట్టి మీకు దొరికేది పాతదే. షెవీ ఎక్స్‌ప్రెస్ అయితే కొత్తవీ చూడొచ్చు. ఏది కొన్నా టైరు పక్కన డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చదవండి. అవి టైరు తయారైన తేదీ: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ట్రైలర్ టైర్లకూ అంతే. వాటిలో పాతవి చాలావాటికి గంటకు 65 మైళ్ల వేగమే హద్దు. 287 మీద 75 బోర్డు చూసి తోలితే అవి తట్టుకోవు.

ఇంకో తలనొప్పి: మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ట్రైలర్‌ని ఇంటి ముందు ఒక్క రాత్రికి మించి ఉంచనివ్వదు. నెలనెలా స్టోరేజీ అద్దె కడుతున్నాను. మీ కమ్యూనిటీ రూల్స్ ట్రైలర్ కొనకముందే చదవండి, డీలర్ చెప్పడు.

మీరు నలుగురే ఉండి, నింపిన ట్రైలర్ 7,000 పౌండ్లు దాటేలా ఉంటే నా వ్యాన్ సలహా పక్కన పెట్టి ముప్పావు టన్ను ట్రక్ చూడండి. వీల్‌బేస్ పొడవు, ఆ బరువుకు అది నిలకడగా ఉంటుంది. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి తిరిగే కుటుంబమైతే పన్నెండు సీట్ల వ్యాన్ కొని, చివరి బెంచీ తీసి గరాజ్‌లో పెట్టుకోండి.