గేమ్ ఏ కన్సోల్‌కి వెళ్లాలో ఎవరు తేలుస్తారు?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. గేమ్స్ తయారుచేసే కంపెనీలో చేరాలని ఉంది. గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ కొంతవరకు వచ్చు. "ఎక్స్‌బాక్స్ పనైపోయింది, ప్లేస్టేషన్ పట్టుకో" అంటున్నాడు మా సీనియర్. హైదరాబాద్‌లో ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'కన్సోల్ గేమ్ డెవలప్‌మెంట్' కోర్సుకి మూడున్నర లక్షలు చెబుతున్నారు. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నారు. ఒక గేమ్ ఏ కన్సోల్స్‌కి రావాలన్నది అసలు ఎవరు, ఎలా నిర్ణయిస్తారు సర్? అది తెలిస్తే ఏ కన్సోల్ నేర్చుకోవాలో తేల్చుకుంటాను.

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. సాధారణంగా నాకు వచ్చే ఉత్తరాల్లో "ఏ కోర్సు, ఏ ప్యాకేజీ" అనే ఉంటుంది. పరిశ్రమ ఎలా నడుస్తుందో అడిగేవాళ్లు తక్కువ. డబ్బు సంగతి చివర చెబుతాను. అప్పటిదాకా నాన్నగారిని ఎక్కడా సంతకం పెట్టవద్దను.

కన్సోల్ అంటే సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లాగా గేమ్స్ ఆడేందుకే చేసిన మెషీన్. ఏ గేమ్ దేనికి రావాలో నిర్ణయించేది పబ్లిషర్, అంటే గేమ్ మీద డబ్బు పెట్టేవాళ్లు. స్టూడియో తరఫున ప్రొడ్యూసర్, టెక్నికల్ డైరెక్టర్ వస్తారు. అటువైపు అమ్మకాలు చూసేవాళ్లు ఉంటారు. మధ్యలో ఉండేది ఎక్సెల్ షీట్. ఎవరికి ఏ కన్సోల్ అంటే అభిమానమో అక్కడ ఎవరూ అడగరు.

ఆ షీట్‌లో ఏముంటుందో ఊహించిన అంకెలతో చూపిస్తాను. పీసీలో ఒక చిన్న గేమ్ తయారైంది. దాన్ని ఒక కన్సోల్‌కి మార్చాలి. దీన్నే పోర్టింగ్ అంటారు. ప్రోగ్రామర్లు, టెస్టర్ల జీతాలు అన్నీ కలిపి 60 లక్షలు అనుకుందాం. గేమ్ ధర 1,500 రూపాయలు. కన్సోల్ కంపెనీ తన స్టోర్‌లో అమ్మినందుకు మామూలుగా తీసుకునేది 30 శాతం. ఇక మిగిలేది 1,050. పెట్టిన 60 లక్షలు తిరిగి రావాలంటే 5,715 కాపీలు అమ్ముడుపోవాలి. పర్లేదనిపిస్తుంది కదా? కానీ పీసీలో వచ్చిన ఏడాదికి కన్సోల్‌లో వస్తే పూర్తి ధర పెట్టి కొనేవాళ్లు పలచబడిపోతారు. సగం ధరకి అమ్మాల్సి వస్తే అదే లెక్క 11,429 కాపీలవుతుంది. పన్నులు, ప్రచారం ఇందులో కలపనే లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఇలాంటి గేమ్ కొనే పదకొండున్నర వేల మంది ఆ కన్సోల్ మీద ఉన్నారా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎక్కువ అమ్ముడైన కన్సోల్‌కే అందరూ గేమ్స్ ఇస్తారనుకుంటారు. 2006లో నింటెండో కంపెనీ తెచ్చిన 'వీ' అనే కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడైంది. అయినా ఆ కాలంలోని పెద్ద యాక్షన్ గేమ్స్ చాలావరకు అటు రాలేదు, వచ్చినా బాగా కుదించిన రూపంలో వచ్చాయి. ఒకటి, దానికి హెచ్‌డీ లేదు. పీఎస్3కి (ప్లేస్టేషన్ 3), ఎక్స్‌బాక్స్ 360కి చేసినదాన్ని దానిలో ఇరికించడమంటే దాదాపు కొత్త గేమ్ చేసినట్టే. రెండు, దాన్ని కొన్న ఇళ్లలో ఎక్కువగా ఆడింది నింటెండో సొంత గేమ్సే. మెషీన్ ఇంట్లో ఉన్నంత మాత్రాన మన గేమ్ కొనాలని లేదు కదా.

దాని తర్వాత 2012 చివర్లో వచ్చిన వీ యూ కథ ఇంకా చేదు. మొదట్లో ఈఏ లాంటి పెద్ద పబ్లిషర్లు గేమ్స్ ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే, తమ దగ్గర వీ యూ కోసం ఏ గేమూ తయారీలో లేదని ఈఏ చెప్పేసింది. యూబీసాఫ్ట్ అయితే 'రేమన్ లెజెండ్స్'ని వీ యూకి మాత్రమే ఇస్తామని ప్రకటించి, 2013 ఫిబ్రవరిలో విడుదలకి నెల కూడా లేదనగా ఆపేసింది. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లకు కూడా సిద్ధం చేసి సెప్టెంబరు ప్రాంతంలో అన్నింటికీ కలిపి వదిలింది. విడుదల అంచుకొచ్చిన గేమ్‌ని అలా ఆపారంటే, షీట్‌లో అమ్మకాల గడి ఎంత మారిపోయిందో ఊహించుకో. వీ యూ జీవితకాలంలో అమ్ముడైంది సుమారు కోటీ 35 లక్షలే. అదే నింటెండో 2017లో స్విచ్ తెచ్చింది, అది 15 కోట్లు దాటింది. మొదట్లో జంకిన పబ్లిషర్లు మళ్లీ క్యూ కట్టారు. 'విచర్ 3' లాంటి భారీ గేమ్‌ని కూడా 2019లో సేబర్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ చేత స్విచ్‌లో పట్టించారు. స్విచ్‌లో ఉన్నది 4 జీబీ మెమరీ. మీ ఇంట్లో ఫోన్‌లో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు.

మెమరీ అన్నాను కాబట్టి, నీ లాంటి సీఎస్‌ఈ విద్యార్థికి పనికొచ్చే భాగం ఇదే, కాస్త నెమ్మదిగా చదువు. మార్కెట్ వాళ్లు 'చేద్దాం' అన్నాక టెక్నికల్ డైరెక్టర్‌ని అడిగేది "పడుతుందా?" అని. 1990ల్లో నింటెండో తన ఎన్64 కన్సోల్‌కి క్యాట్రిడ్జిలే వాడతానంది. వాటిలో గరిష్ఠంగా పట్టేది 64 ఎంబీ. సోనీ ప్లేస్టేషన్‌ది సీడీ, దాదాపు 650 ఎంబీ. స్క్వేర్ కంపెనీ అప్పటిదాకా నింటెండోకి ఆస్థాన కవి లాంటిది, అయినా 'ఫైనల్ ఫాంటసీ 7'ని తీసుకుని సోనీ దగ్గరికి వెళ్లిపోయింది. 1997లో ఆ గేమ్ మూడు సీడీల మీద వచ్చింది. క్యాట్రిడ్జిల్లో ఎలా సర్దేవాళ్లో నువ్వే చెప్పు.

పీఎస్3 కాలంలో ఇదే తంటా ఇంకో రూపంలో వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360లో 512 ఎంబీ మెమరీ అంతా ఒకే కుప్ప, గేమ్ ఎలా కావాలంటే అలా పంచుకోవచ్చు. పీఎస్3లో 256 ప్రాసెసర్‌కి, 256 గ్రాఫిక్స్‌కి అని విడివిడిగా ఉండేది. మొత్తం ఒకటే, అయినా ఒక వైపు నిండిపోతే రెండో వైపు ఖాళీని సులువుగా వాడుకోలేం. ఎన్నో గేమ్స్ పీఎస్3లో నత్తనడక నడవడానికి ఇదొక కారణం. 2013లో వచ్చిన పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ మన పీసీల్లో ఉండే ఎక్స్86 రకం ఏఎండీ ప్రాసెసర్లే పెట్టడంతో పోర్టింగ్ ఖర్చు బాగా దిగింది. ఒకదానికి చేసి రెండోదాన్ని వదిలేసే గేమ్స్ అప్పట్నుంచి తగ్గడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అయినా చిక్కులు పోలేదు. లారియన్ వాళ్ల 'బాల్డర్స్ గేట్ 3' 2023 ఆగస్టులో పీసీకి, సెప్టెంబరులో పీఎస్5కి వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరు దాకా రాలేదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ మెమరీ ఉంటే, చవకగా అమ్మే సిరీస్ ఎస్‌లో 10 జీబీయే. ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే స్ప్లిట్ స్క్రీన్‌లో ఇద్దరూ చెరో ఊళ్లో ఉంటే రెండు ఊళ్లనీ ఒకేసారి మెమరీలో ఉంచాలి. సిరీస్ ఎస్‌లో అది పట్టలేదు. రెండు మెషీన్లలోనూ ఒకే ఫీచర్లు ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. చివరికి సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ లేకుండానే విడుదల చేసేందుకు ఒప్పుకుంది. ఆరు జీబీ తేడా, మూడు నెలల ఆలస్యం.

'సైబర్‌పంక్ 2077'ది ఇంకో పాఠం. 2020 డిసెంబరు నాటికి పీఎస్4 పదకొండు కోట్లకు పైగా ఇళ్లలో ఉంది, పీఎస్5 అప్పుడే దుకాణాలకి వచ్చింది. పీఎస్4ని వదులుకునే ధైర్యం ఏ పబ్లిషర్‌కైనా ఎలా ఉంటుంది? ఇచ్చారు. పాత కన్సోల్స్‌లో గేమ్ ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం గడిచేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇవ్వడం మొదలుపెట్టింది. తిరిగి స్టోర్‌లోకి రావడానికి 2021 జూన్ అయింది. "పట్టదు" అని గట్టిగా చెప్పగలిగే మనిషికి ఈ రంగంలో ఎంత విలువ ఉంటుందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

కన్సోల్ కంపెనీ ముందే డబ్బిచ్చి "మా దాంట్లో మాత్రమే" అని రాయించుకోవడమూ ఉంది. అప్పుడు షీట్ మొత్తం తలకిందులవుతుంది. కానీ ఖర్చులు పెరిగేకొద్దీ ఆ పద్ధతి పబ్లిషర్లకి గిట్టుబాటు కావడం లేదు. ఒకే కన్సోల్‌ని నమ్ముకోకుండా అన్నింటికీ గేమ్స్ ఇస్తామని స్క్వేర్ ఎనిక్స్ 2024 మే నెలలో ప్రకటించింది. స్వయంగా మైక్రోసాఫ్టే 'సీ ఆఫ్ థీవ్స్', 'ఫోర్జా హొరైజన్ 5' లాంటి సొంత గేమ్స్‌ని పీఎస్5లో అమ్ముతోంది. ఇక మీ సీనియర్ మాట సంగతి. ఎక్స్‌బాక్స్ పెట్టె తక్కువ అమ్ముడుపోతున్న మాట నిజమే అయినా, ఆ గేమ్స్ ఆగిపోలేదు, ఇంకో మెషీన్ మీదకి పాకాయి. ఒకే కన్సోల్ తెలిసినవాళ్ల కన్నా, ఒక గేమ్‌ని నాలుగు రకాల మెషీన్లలో కుదేలుకాకుండా నడిపించగలిగేవాళ్లనే కంపెనీలు వెతుక్కుంటాయి.

మనవాళ్ల సంగతికొస్తే, పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు 'రాజీ' అనే గేమ్‌ని 2020 ఆగస్టులో ముందు స్విచ్‌కి ఇచ్చి, అక్టోబరులో పీసీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్‌లకి తెచ్చారు. మన దగ్గర ఆడేది ఎక్కువగా ఫోన్లలోనే. కన్సోల్ గేమ్ చేసే భారతీయ స్టూడియో షీట్‌లో కొనేవాళ్లు ఎక్కువగా అమెరికా, యూరప్‌ల వాళ్లే. హైదరాబాద్‌లో ఈఏ, పుణెలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ ఆఫీసులున్నాయి. కొత్తవాళ్లు చాలామంది అడుగుపెట్టేది టెస్టింగ్ ద్వారా.

టెస్టింగ్ అంటే మొహం చిట్లించకు. అందులో సర్టిఫికేషన్ అని ఒక విభాగం ఉంటుంది. కన్సోల్ కంపెనీ నియమాల పుస్తకం ప్రకారం గేమ్ పాసైతేనే విడుదల. నింటెండో వాళ్లు దీన్ని లాట్‌చెక్ అంటారు. ఆట మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే గేమ్ తనంతట తాను ఆగిందా? సేవ్ అవుతుండగా స్టోరేజీ నిండితే ఏమైంది? మెషీన్‌ని నిద్రపుచ్చి రాత్రంతా ఉంచి లేపితే ఆన్‌లైన్‌కి మళ్లీ కలిసిందా? స్క్రీన్ మీద ప్లేస్టేషన్ బటన్ పేరు వేయాల్సినచోట ఎక్స్‌బాక్స్ పేరు పడిందా? ఇలాంటివి వందలుంటాయి. ఒక్కటి తప్పినా గేమ్ వెనక్కి వస్తుంది, విడుదల తేదీ జారుతుంది. ఈ పని ఓ ఏడాది శ్రద్ధగా చేసినవాళ్లకి పోర్టింగ్ టీమ్ తలుపు తొందరగా తెరుచుకోవడం నేను చూశాను. అక్కడి నుంచి కొందరు ప్రొడ్యూసర్లయి ఆ ఎక్సెల్ షీట్ ముందు కూర్చున్నారు.

ఇప్పుడు నువ్వేం చేయాలి? కాలేజీ ప్రాజెక్టుగా యూనిటీలో చేసిన గేమ్ ఏదైనా ఉంటే బయటికి తీయి. 4 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించు. గేమ్ అందులో సెకనుకి 30 ఫ్రేములు తగ్గకుండా నడవాలి. అంటే ప్రతి ఫ్రేముకీ నీకున్నది 33 మిల్లీసెకన్లే. ప్రొఫైలర్ పెట్టి ఎక్కడ ఎంత తింటోందో చూడు. ఏ టెక్స్చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మ) కుదించావు, దేన్ని ముందే లోడ్ చేశావు, దేన్ని వదిలేశావు, దానివల్ల ఎంత తగ్గింది అన్నది రెండు పేజీలు రాయి. అదే నీ పోర్ట్‌ఫోలియో. దీంతోపాటు సీ++ మీద గట్టి పట్టు తెచ్చుకో, యూనిటీలో సీ షార్ప్ ఒక్కటీ సరిపోదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో మెమరీ మేనేజ్‌మెంట్ చాప్టర్ పరీక్ష కోసం బట్టీపట్టి ఉంటే మళ్లీ చదువు.

ఇక మూడున్నర లక్షల సంగతి. ప్లేస్టేషన్‌కి, స్విచ్‌కి గేమ్ చేయాలంటే డెవ్‌కిట్ అనే ప్రత్యేక మెషీన్ కావాలి. దాన్ని కంపెనీ తాను ఆమోదించిన డెవలపర్లకే, రహస్య ఒప్పందం మీద ఇస్తుంది. యూనిటీ, అలాంటిదే అయిన అన్‌రియల్‌లలో కన్సోల్‌కి సంబంధించిన భాగాలు కూడా అలా ఆమోదం పొందినవాళ్లకే అందుతాయి. మామూలు ఎక్స్‌బాక్స్‌ని డెవలపర్ మోడ్‌లోకి మార్చుకోవచ్చు గానీ అందులో చేయగలిగింది పరిమితం. కాబట్టి నాన్నగారిని తీసుకుని వెళ్లి ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లని రెండే అడుగు: మీ సంస్థ ఏ కన్సోల్ కంపెనీ దగ్గర డెవలపర్‌గా నమోదైంది? విద్యార్థి తన గేమ్‌ని డెవ్‌కిట్ మీద స్వయంగా నడిపే అవకాశం ఉందా, ఉంటే కాగితం మీద రాసిస్తారా? సమాధానం నీళ్లు నమిలినట్టు ఉంటే, వాళ్లు చెప్పబోయేది పీసీలో యూనిటీయే. అది నీకు ఇప్పటికే కొంత వచ్చు, మిగతాది ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు. ఆ డబ్బులో పదోవంతు పెట్టినా ప్రొఫైలింగ్‌కి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఒక మంచి కంట్రోలర్ వస్తాయి.