ఇంటి అడ్వాన్సును నమ్ముకుని యాప్ అప్పు

ప్రశ్న: భీమవరంలో కాలువ గట్టున నాలుగేళ్లు అద్దెకు ఉండి, బదిలీపై అమలాపురం వచ్చాను. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, జీతం 32,000. పాత ఇంటి యజమాని 30,000 అడ్వాన్సులో రంగులకు 14,000, మోటారుకు 2,600, మేకుల గుంతలకు 1,500, కుళాయిలకు 900 పట్టుకుని 11,000 చేతిలో పెట్టారు. బ్యాంకులో 6,000 మాత్రమే ఉండటంతో కొత్త ఇంటి అడ్వాన్సు కోసం యాప్‌లో 20,000 అప్పు చేశాను. చేతికి వచ్చింది 17,200. నెలలో 21,500 కట్టాలి. ఇంకో యాప్‌లో తీసుకుని ఇది తీర్చి, యజమానిపై కేసు వేయవచ్చా?

జవాబు: ముందు ఆ రెండో యాప్‌ను ఫోనులోంచి తీసేయండి. 17,200కు నెల తిరిగేసరికి 4,300 అదనం, అంటే నూటికి పాతిక రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయలు అడిగితేనే నోరు నొక్కుకుంటాం కదా. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి ఈ వారమే తీర్చండి.

మీరు పంపిన ఫొటోలో రంగు మోకాలెత్తు వరకే పెచ్చులూడింది, పైన గోడ శుభ్రంగా ఉంది. అది నేల చెమ్మ ఎక్కిన గుర్తు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వాడకంలో వచ్చే మామూలు అరుగుదల అద్దెదారు తప్పు కాదు. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం కూడా వెల్ల వేయించే పనిని యజమాని వంతులోనే ఉంచింది. అది రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన నమూనాయే అయినా, యజమానితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. గుంతలు, కుళాయిల డబ్బు వదిలేయండి. మోటారుకు బిల్లు అడగండి. రంగుల 14,000 మాత్రం వదలొద్దు. రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి, పలకకపోతే మండల న్యాయసేవల కమిటీకి వెళ్లండి. కేసు కాకముందే రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు కోర్టు రుసుము ఉండదు.

ఇన్ని ఉత్తరాల్లో మీదే తీయడానికి కారణం ఆ 6,000. నాలుగేళ్ల ఉద్యోగం తర్వాత ఖాతాలో వారం ఖర్చు! అడ్వాన్సు ఉందిగా అన్న ధీమాతో ఉండిపోయారు. అది ఇంకొకరి బీరువాలో ఉన్న డబ్బు, ఆయన ఇచ్చినప్పుడు ఇచ్చినంతే మీది. చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. పైగా మీది రొయ్యలపై ఆధారపడిన జీతం. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్ల మీద ఏం మాట్లాడుకున్నారో మీరే విని ఉంటారు. అప్పు తీరిన మరుసటి నెల నుంచే జీతం పడిన రోజున 4,000 వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆరు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా కొత్త చీటీలు, ఫండ్లు పక్కన పెట్టండి. యజమాని నుంచి ఎంత వచ్చినా అందులోకే వెళ్లాలి.

ఒక్క సంగతి మీరు రాయలేదు. ఆ 11,000 తీసుకున్నప్పుడు ‘లెక్క పూర్తిగా ముట్టింది’ అని సంతకం పెట్టారా? పెట్టి ఉంటే పోస్టాఫీసుకు వెళ్లేముందు ఆ కాగితాన్ని న్యాయసేవల కమిటీలో చూపించండి.