క్లాసిక్ సినిమాల మీద డాక్యుమెంటరీలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత క్లాసిక్ సినిమాలు ఈమధ్యే చూడటం మొదలుపెట్టానని, వాటిని ఎలా తీశారో, సినిమా ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పే డాక్యుమెంటరీలు కావాలని అడిగారు. కొన్నేళ్ల క్రితం నాదీ ఇదే ప్రశ్న. అప్పుడు ఎవరో చెబితే మార్క్ కజిన్స్ తీసిన ‘ది స్టోరీ ఆఫ్ ఫిల్మ్: యాన్ ఒడిస్సీ’ (2011) పెట్టుకుని కూర్చున్నాను. 15 భాగాలు, దాదాపు 15 గంటలు. రెండో భాగంలోనే చేతులెత్తేశాను. చూడని సినిమాల పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే పరీక్ష ముందురోజు రాత్రి చదువుకుంటున్నట్టు అనిపించింది. అది చెడ్డదని కాదు. హాలీవుడ్ దాటి ప్రపంచం మొత్తాన్ని పట్టించుకుంటుంది కాబట్టి రెండేళ్ల తర్వాత మళ్లీ చూసి ఇష్టపడ్డాను కూడా. కానీ మొదటి మెట్టు మాత్రం అది కాదు.

నన్నడిగితే ‘అన్‌నోన్ చాప్లిన్’ (1983)తో మొదలుపెట్టండి. కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ కలిసి టీవీ కోసం తీసిన మూడు భాగాల సిరీస్ ఇది. చాప్లిన్ వాడకుండా పక్కన పడేసిన షాట్లే ఇందులో ముడిసరుకు. ఆయన తొలి రోజుల్లో స్క్రిప్టు రాసుకుని సెట్‌కి వెళ్లేవాడు కాదు. కెమెరా తిరుగుతుండగానే ఆలోచించేవాడు, రిహార్సల్ కూడా ఫిల్ము మీదే. ప్రతి టేకు ముందూ చూపించే స్లేటు మీద నంబరు ఉంటుంది కదా, బ్రౌన్‌లో, గిల్ ఆ నంబర్ల వరసలో తుక్కు ముక్కలన్నిటినీ పేర్చారు. దాంతో ఒక మనిషి బుర్రలో ఐడియా ఎలా పుట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో, మళ్లీ ఎలా దారి దొరికిందో కళ్లముందు కనబడుతుంది.

‘ది ఇమిగ్రెంట్’ (1917) సంగతే చూడండి. అది వలస వచ్చినవాళ్ల కథగా మొదలవలేదు. రెస్టారెంటులో డబ్బుల్లేక ఇబ్బందిపడే కామెడీగా మొదలైంది. సర్వర్‌గా ముందు హెన్రీ బెర్గ్‌మన్‌ని పెట్టాడు. ఆయన్ని చూస్తే ఎవరికీ భయం వేయట్లేదు. చాలా ఫిల్ము ఖర్చయ్యాక ఆ పాత్రకి కొండలాంటి ఎరిక్ క్యాంప్‌బెల్‌ని తెచ్చాడు. సీన్ ఒక్కసారిగా నిలబడింది. ఆ తర్వాతే ‘రెస్టారెంటులో కూర్చున్న ఈ హీరో, హీరోయిన్ అసలు ఎక్కడినుంచి వచ్చారు?’ అన్న ప్రశ్న వచ్చి, ఓడ సీన్లు పుట్టాయి. అంటే సినిమాలో ముందు కనబడేది తర్వాత తీసినది!

‘సిటీ లైట్స్’ (1931) భాగం ఇంకా బావుంటుంది. చూపులేని పూలమ్మాయి చాప్లిన్ వేసిన దేశదిమ్మరిని కోటీశ్వరుడని ఎలా పొరబడుతుంది? మూకీ సినిమాలో, మాటల్లేకుండా, అది ప్రేక్షకుడికి తెలియాలి. ఈ చిన్న ముడి విప్పడానికి చాప్లిన్ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. చివరికి దొరికింది ఒక కారు తలుపు. ట్రాఫిక్ తప్పించుకోవడానికి ఆగి ఉన్న కారులోంచి దూరి ఇవతలికి వస్తాడు, తలుపు మూసుకున్న చప్పుడు ఆమె వింటుంది, అంతే. చూసేవాళ్లకి క్షణం పట్టే సంగతి అది.

నేను చిన్న చిన్న వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పని అయిపోగానే రషెస్ (తీసిన ముడి ఫుటేజ్) మొత్తం డిలీట్ చేసి డిస్క్ ఖాళీ చేసుకోవడం నా అలవాటు. ఈ సిరీస్ చూసిన రాత్రి ఆ అలవాటు మానేశాను. ఇప్పుడు హార్డ్‌డిస్కులకి ఖర్చు పెరిగింది గానీ, బాధ లేదు.

అప్పటినుంచి డాక్యుమెంటరీ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే. ఆనాటి పని కనబడుతోందా, లేక పెద్ద పెద్ద వాళ్లు కుర్చీలో కూర్చుని ‘అద్భుతం, మహానుభావుడు’ అని పొగుడుతున్నారా? రెండో రకం కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటాయి, మర్నాటికి ఒక్క ముక్కా గుర్తుండదు.

మొదటి రకంలో రారాజు ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ (1991). ‘అపోకలిప్స్ నౌ’ (1979) షూటింగ్ ఫిలిప్పీన్స్‌లో జరుగుతుంటే, దర్శకుడు కొప్పోలా భార్య ఎలెనార్ పక్కనే ఉండి తీసిన ఫుటేజ్ దీనికి ఆధారం. 1976 మేలో తుఫాను వచ్చి సెట్లు కొట్టుకుపోయాయి. షూటింగ్ మొదలయ్యాక హీరోనే మార్చారు. కొత్తగా వచ్చిన మార్టిన్ షీన్‌కి 1977 మార్చిలో గుండెపోటు, అప్పటికి ఆయన వయసు 36. ప్రభుత్వం ఇచ్చిన హెలికాప్టర్లు తిరుగుబాటుదారుల మీదికి వెళ్లాల్సి వచ్చి షాట్ మధ్యలోంచే ఎగిరిపోయేవి. ఇంకో నటుడు మార్లన్ బ్రాండో బాగా లావెక్కి, ఏమీ సిద్ధం కాకుండా వచ్చాడు. షూటింగ్ 238 రోజులు నడిచింది, అందులో దర్శకుడి సొంత ఆస్తులే తాకట్టులో ఉన్నాయి. అయితే నాకు గుర్తుండిపోయింది ఈ గొడవలేవీ కాదు. కొప్పోలా తన భార్యతో మాట్లాడుకున్న మాటలు ఆయనకి తెలియకుండా రికార్డయ్యాయి. ఈ సినిమా చెత్తగా వస్తోందని ఆ మనిషి నిజంగానే వణికిపోతుంటాడు. ఆ గొంతు వింటుంటే మనకే టెన్షన్.

దాని పక్కనే పెట్టదగ్గది లెస్ బ్లాంక్ తీసిన ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ (1982). జర్మన్ దర్శకుడు హెర్జోగ్ తన సినిమా ‘ఫిట్జ్‌కరాల్డో’ కోసం పెరూ అడవిలో 300 టన్నులు దాటిన ఓడని నిజంగా కొండెక్కించాడు. మోడల్ వద్దన్నాడు, ట్రిక్ షాట్ వద్దన్నాడు. దాదాపు 40 శాతం తీశాక హీరో జేసన్ రోబార్డ్స్ జబ్బుపడి వెళ్లిపోతే, క్లాస్ కిన్‌స్కీతో మళ్లీ మొదటినుంచి. ఓడని పైకి లాగే ఏర్పాటు ప్రమాదకరమని, ప్రాణాలు పోతాయని చెప్పి ఇంజనీరు తప్పుకుంటాడు. పని ఆగదు. మొదటిసారి చూసినప్పుడు నాకు హెర్జోగ్ హీరోలా కనిపించాడు. రెండోసారి చూస్తే, బురదలో తాళ్లు పట్టుకుని నిలబడ్డ అక్కడి ఆదివాసీ కూలీల మొహాలే కనిపించాయి. ఒక షాట్ కోసం ఇంత అవసరమా అని కోపం కూడా వచ్చింది. బ్లాంక్ తీర్పేమీ చెప్పడు, అన్నీ చూపిస్తాడంతే. అందుకే ఇది పై దానికన్నా ఒక మెట్టు ఎక్కువని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు, తెలుసు.

మూకీల గురించి ఒక అపోహ పోవాలంటే అదే బ్రౌన్‌లో, గిల్ జంట అంతకుముందు చేసిన 13 భాగాల ‘హాలీవుడ్’ (1980) చూడాలి. పాత సినిమాల్లో అందరూ కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తారని, అప్పటి కెమెరాలు అంతేనని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవారు, చాలా సినిమాలకి సెకనుకి 24 కన్నా తక్కువ ఫ్రేములే పడేవి. తర్వాత వాటిని టాకీల 24 ఫ్రేముల వేగంతో నడిపిస్తే ఆ గెంతులు వచ్చాయి. సరైన వేగంతో, మంచి ప్రింటులో, సంగీతంతో చూస్తే ఆ సినిమాల అందమే వేరు. పైగా ఆనాటి నటులు, స్టంట్‌మెన్, కెమెరామెన్ ముసలితనంలో స్వయంగా మాట్లాడతారు. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే చెప్పేవాళ్లే ఉండేవారు కాదు. మంచి క్వాలిటీలో దొరకడమే కష్టం, ఓపిగ్గా వెతకండి.

సినిమాలు ఎలా పోయాయో తెలుసుకోవడం కూడా చరిత్రే. బిల్ మారిసన్ ‘డాసన్ సిటీ: ఫ్రోజెన్ టైమ్’ (2016)లో కథ వింత. కెనడాలో యూకాన్ ప్రాంతంలోని ఆ ఊరు సినిమా పంపిణీ దారికి ఆఖరి మజిలీ. అక్కడిదాకా వచ్చిన రీళ్లని వెనక్కి తెప్పించుకునే ఖర్చు దండగని కంపెనీలు వదిలేశాయి. 1929లో ఒక ఈతకొలను పూడ్చడానికి వాటిని మట్టితోపాటు పోశారు. 1978లో తవ్వకాల్లో 533 రీళ్లు బయటపడ్డాయి. అప్పటి రీళ్లకి వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది, ఆ రోజుల్లో గోదాములే తగలబడిపోయాయి. ఇవేమో మంచునేలలో బతికాయి. ఒక హెచ్చరిక: ఇందులో మాటలు దాదాపు ఉండవు, తెర మీద అక్షరాలు, సంగీతం, మరకలు పడ్డ బొమ్మలు. మొదటిసారి నేను నిద్రపోయాను. అలసిపోయిన రోజు పెట్టుకోకండి.

అదే విషయం మన దగ్గర ఎలా నడిచిందో శివేంద్ర సింగ్ డుంగర్‌పూర్ ‘సెల్యులాయిడ్ మ్యాన్’ (2012) చెబుతుంది. పాత సినిమాలని భద్రపరిచే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ని నిలబెట్టిన పి.కె. నాయర్ గురించి. దాదాసాహెబ్ ఫాల్కే సినిమాల్లో మిగిలినవి మనం ఇవాళ చూడగలుగుతున్నామంటే ఆయన చలవే. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) కోసం నాయర్ దర్శకుడు అర్దేషిర్ ఇరానీ దగ్గరికి వెళ్తే, కొన్ని రీళ్లు ఉన్నాయని పెద్దాయన చెప్పాడు. కొడుకు పక్కకి పిలిచి, ఫిల్ములో ఉండే వెండి కోసం వాటిని ఎప్పుడో వదిలించేశామన్నాడు. నాయర్ ఇది మామూలుగా చెప్పేస్తాడు, వినే మనకి మాత్రం గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నిడివి రెండున్నర గంటలు దాటుతుంది, కొంచెం కత్తిరించాల్సింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఛాయాగ్రహణం మీద ఆసక్తి ఉంటే ‘విజన్స్ ఆఫ్ లైట్’ (1992). ‘గాడ్‌ఫాదర్’లో బ్రాండో కళ్లు చీకట్లో ఎందుకు ఉంచారో దాని కెమెరామన్ గోర్డన్ విల్లిస్ నోటే వినొచ్చు. ‘78/52’ (2017) కేవలం హిచ్‌కాక్ ‘సైకో’లోని స్నానాల గది సీన్ మీదే, ఆ పేరు అందులోని 78 కెమెరా సెటప్పులు, 52 కట్ల లెక్క. సరదాగా ఉంటుంది, కాస్త సాగుతుంది. ‘హిచ్‌కాక్/ట్రూఫో’ (2015)లో పొగడ్తల పాలు ఎక్కువే, అయినా 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫో చేసిన ఇంటర్వ్యూ అసలు టేపుల్లో హిచ్‌కాక్ గొంతు కోసం చూడొచ్చు.

ఒక్కటి మర్చిపోయాను. ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ కంటే ముందు ‘అపోకలిప్స్ నౌ’ చూసి ఉండాలి, అది కూడా 1979 నాటి వెర్షన్. 2001లో వచ్చిన ‘రీడక్స్’ పెట్టుకున్నారనుకోండి, ఎప్పుడో తీసేసిన సీన్లు చాలా తిరిగొచ్చి మూడుంబావు గంటలు దాటుతుంది. దాని తర్వాత డాక్యుమెంటరీకి ఓపిక మిగలదు.