కర్ణాటక లోకాయుక్త అవినీతి అధికారిని ఉద్యోగం నుంచి తొలగించగలదా?

తొలగించలేదు; 1984 నాటి కర్ణాటక లోకాయుక్త చట్టం ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుపై విచారణ జరిపి, ఆరోపణ రుజువైతే చర్యకు సిఫారసు మాత్రమే చేయగలదు. ఉద్యోగిని శిక్షించే అధికారం ప్రభుత్వానిదే కావడం ఇందుకు కారణం. అయితే ఆ సిఫారసును అటకెక్కించడానికి వీల్లేదు: బెంగళూరులోని లోకాయుక్త కార్యాలయం పంపిన నివేదికపై ఏ చర్య తీసుకున్నదీ, లేదా తీసుకోదలచినదీ ప్రభుత్వం మూడు నెలల్లోగా లోకాయుక్తకు తెలియజేయాలి.

బెంగళూరులోని మారతహళ్ళిలో ఫ్లాటు కొన్న ఒక తెలుగు కుటుంబాన్ని ఖాతా (ఆస్తిపన్ను రికార్డు) బదిలీకి లంచం అడిగారనుకుందాం. వారు నిర్ణీత నమూనాలో, ప్రమాణపత్రం (అఫిడవిట్) జతచేసి ఫిర్యాదు ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసి పంపితే చాలదు. ఆ పై విచారణలో అధికారికి తన వాదన చెప్పుకునే అవకాశమిస్తారు. జాప్యమనిపించినా ఇది న్యాయమైన పద్ధతే.

లంచం పుచ్చుకుంటూ లోకాయుక్త పోలీసులకు దొరికిన అధికారి ఉద్యోగం పోయినట్టేనని చాలామంది పొరబడతారు. ఆ అరెస్టు 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద జరిగేది. ఆ నేరానికి శిక్షను ప్రత్యేక న్యాయస్థానం నిర్ణయిస్తుంది, ఉద్యోగం సంగతి ప్రభుత్వం విడిగా తేలుస్తుంది.