జార్జి ఫెర్నాండెజ్: రైల్వే సమ్మె, జైలు నుంచి పోటీ

ప్రశ్న: 1974 రైల్వే సమ్మె ఓడిపోయిందంటారు. మరి కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ అనగానే అందరూ దాన్నే ఎందుకు తలుచుకుంటారు?

జవాబు: ముందు డిమాండ్లు చూడండి. రైల్వే ప్రభుత్వ శాఖ కాబట్టి బోనస్ చట్టం దానికి అప్పట్లో వర్తించేది కాదు. ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం 8.33 శాతం, అంటే ఏడాదికి ఒక నెల జీతం బోనస్‌గా దక్కుతుంటే, ఎండలో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్‌కి పైసా వచ్చేది కాదు. డ్యూటీ ఎక్కిన ఇంజిన్ సిబ్బంది ఎప్పుడు దిగుతారో వాళ్లకే తెలియదు. అందుకే బోనస్, ఎనిమిది గంటల పని, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా జీతాలు అడిగారు.

రైల్వేలో ఒక్కో కేటగిరీకి ఒక్కో యూనియన్. 1973లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడైన జార్జి, వాటిలో చాలావాటిని 1974లో ఒకే పోరాట సమన్వయ కమిటీ కిందికి తెచ్చారు. ఆయన అసలు పనితనం అక్కడే ఉంది. కాంగ్రెస్ అనుబంధ ఫెడరేషన్ మాత్రం కలిసి రాలేదు.

సమ్మె మే 8న మొదలవ్వాలి. చర్చలు తెగకముందే మే 2న లక్నోలో ఆయన్ను అరెస్టు చేశారు. సమ్మె చట్టవిరుద్ధమన్నారు. వేలమందిని జైళ్లలో పెట్టారు, టెరిటోరియల్ ఆర్మీని దింపారు, క్వార్టర్స్ నుంచి కుటుంబాలను గెంటేశారు. ఆదాయం ఆగి, తలదాచుకునే గూడూ పోతే ఎంత గట్టి కార్మికుడైనా ఎన్నాళ్లు నిలబడతాడు? మే 27న సమ్మె విరమించారు. కానీ అడిగిన బోనస్ ఐదేళ్లకు, 1979లో, ఉత్పాదకతతో ముడిపెట్టి వచ్చింది. ఉద్యోగాలు పోయినవాళ్లను 1977 తర్వాత జనతా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అందుకే ఆ సమ్మెను ఉత్త ఓటమి అనడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన జైల్లోంచే బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో గెలిచారు కదా. ఖైదీ పోటీ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. ఎమర్జెన్సీలో డైనమైట్‌తో పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసులో ఆయన అప్పటికి విచారణ ఖైదీ, శిక్ష పడలేదు. జైలు నుంచి పోటీ చేసే అభ్యర్థి ప్రమాణాన్ని జైలు సూపరింటెండెంట్ ఎదుట చేయవచ్చు. నామినేషన్‌ను ప్రతిపాదకుడు దాఖలు చేయవచ్చు. ప్రచారానికి ఆయన వెళ్లలేకపోయినా, బేడీలు పడిన చేతిని పైకెత్తిన ఆయన ఫొటో ఊరూరా తిరిగింది. మెజారిటీ మూడు లక్షలు దాటింది. జనతా ప్రభుత్వం వచ్చాక కేసు ఉపసంహరించారు.

ఇప్పటికీ పద్ధతి దాదాపు ఇదే. జైల్లో ఉన్నవారికి ఓటు వేసే హక్కు లేదు (ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం జరగకుండా ముందే నిర్బంధించిన స్థితిలో, ఉన్నవారికి మినహాయింపు). ఓటు లేనివారు పోటీకీ అనర్హులేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ పార్లమెంటు అదే ఏడాది చట్టం సవరించి పోటీ హక్కు నిలబెట్టింది. సాధారణంగా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే మాత్రం అనర్హత తప్పదు.