ఏప్రిల్ వచ్చింది, మట్టిలో చెయ్యి పెట్టమ్మా

ఒడిశాలోని ఛత్రపురం నుంచి సియాటిల్ వచ్చి ఏడు నెలలైన ఒక చెల్లి అడిగింది: "అక్కా, ఇక్కడ చలి తగ్గగానే అందరూ పార్కుల్లో మొక్కలు నాటుతున్నారు, తీగలు కోస్తున్నారు. నేనూ వెళ్లొచ్చా? స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. వెళ్లినా ఏం చేయాలో తెలీదు."

వెళ్లమ్మా, తప్పకుండా వెళ్లు. ముందు వీసా టెన్షన్ తీర్చేస్తాను. ఊరి కోసం ఎవరైనా ఉచితంగానే చేసే సేవకు వర్క్ పర్మిట్ అక్కర్లేదు. అయితే చేసినందుకు డబ్బు గానీ గిఫ్ట్ కార్డు గానీ తీసుకోకు. జీతమిచ్చి చేయించాల్సిన పనికి సేవ అని పేరు పెట్టే చోటికి పోకు. అనుమానముంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకో.

ఇక ఏం చేయాలో తెలీదన్నావే, ఆ మాట ఛత్రపురం పిల్ల నోట రాకూడదు. మీ ఊరికి దగ్గరలోనే రుషికుల్యా నది సముద్రంలో కలుస్తుంది. అక్కడికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల సంగతి శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో. 2023లోనూ 2025లోనూ ఆరు లక్షలకు పైగా వచ్చాయి. నేను బరంపురంలో చదువుకునే రోజుల్లో ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ ఒడ్డుకు వెళ్లాను. గుడ్లు పెట్టిన నెలన్నరకు పిల్లలు ఇసుక చీల్చుకుని పైకొస్తాయి. ఎటు వెలుగుంటే అటే సముద్రమని పరుగెడతాయి. రోడ్డు మీద దీపం వెలిగితే రోడ్డు మీదికే వెళ్లిపోతాయి.

ఒక జాలరి మామ నా చేతికి ప్లాస్టిక్ బకెట్ ఇచ్చి, టార్చి ఆపేయమన్నాడు. అగ్గిపెట్టెంత పిల్ల. అరచేతిలో పెట్టుకుంటే నాలుగు రెక్కలూ టపటపా కొట్టుకుంటూ గిలిగింత పెట్టింది. నీళ్లలో వేయబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. "తడిసిన ఇసుక మీద వదులమ్మా, దాని కాళ్లతో అదే వెళ్లాలి" అన్నాడు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ నదీముఖం దగ్గర తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు వేట నిషేధం. అంటే వల పక్కన పెట్టి పొట్ట మాడ్చుకునే నెలల్లోనే ఆయన ఆ పిల్లల్ని ఏరుతున్నాడు. నాకు ఈ విషయంలో గురువంటూ ఉంటే ఆయనే.

సియాటిల్‌లో ఆ పని వేరే రూపంలో ఉంటుంది. ఇక్కడ చాలా వీధుల్లో వాన నీరు శుద్ధి లేకుండానే వాగుల్లోకి పోతుంది. కారు టైర్ల నుంచి రాలే ఒక రసాయనం ఆ నీటితో చేరి కోహో సాల్మన్ చేపల్ని గంటల్లో చంపేస్తోందని 2020లో ఇక్కడి శాస్త్రవేత్తలే తేల్చారు. అదే నీరు మట్టిలోంచి వడకట్టుకుని పోతే చేపలు బతుకుతున్నాయి. అందుకే ఇళ్ల ముందు పల్లపు మడులు తవ్వి, వాన నీరు ఇంకేలా మొక్కలు నాటుతారు. నువ్వు మొదట ఆ పనికే వెళ్లు. కారు కొన్నాక ఇంటి ముందు సబ్బుతో కడగకు, ఆ నురగ కూడా అదే కాలువలోకి పోతుంది.

తీగలు కోసే పనీ మంచిదే. ఐవీ తీగ చెట్టంతా కమ్ముకుని, దాని బరువుకే చెట్టు కూలిపోతుంది. ఛాతీ ఎత్తున ఒకసారి, చెట్టు మొదలు దగ్గర ఒకసారి తీగను చుట్టూ తెంపేస్తే చాలు, పైది ఎక్కడిదక్కడే ఎండిపోతుంది.

మడి కావాలంటే పీ-ప్యాచ్‌కు పేరు ఇచ్చేసెయ్. పికార్డో అనే కుటుంబం పొలంలో 1973లో మొదలైన నగరపాలిక తోటలవి. పేరులో 'పీ' ఆ కుటుంబానిదే. వరుసలో చాలాకాలం ఆగాలి, ఈలోగా బాల్కనీలో కుండీ పెట్టుకో. ఏప్రిల్‌లో మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి చల్లు. టమాటా, మిరప నారు మే మధ్య దాకా బయట పెట్టకు. బెండ, గోంగూర ఇక్కడి చల్లని వేసవిలో సరిగ్గా రావు. నేను మూడేళ్లు ఆశపడి మానేశాను.

విత్తనాలు మాత్రం ఇక్కడే కొనుక్కో. నేను కరివేపాకు గింజలు కాగితంలో చుట్టి తెచ్చి, ఎయిర్‌పోర్టులో ఇచ్చేసి ఏడ్చాను. తరవాత తెలిసింది, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని. వాళ్లు తీసుకోవడమే న్యాయం.

వంటింటి చెత్త సంగతి చిన్నదే. తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి ఆకుపచ్చ డబ్బాలోకి. 2015 నుంచి ఇక్కడ తిండి చెత్తను మామూలు చెత్తలో వేయడం నిషేధం. అది ఎరువవుతుంది. రీసైక్లింగ్ డబ్బాలో వస్తువులు విడిగా వెయ్యి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకు. వేపుడు నూనె సింకులో పోయకు.

ఏప్రిల్ 22 ధరిత్రీ దినం దగ్గర పడేకొద్దీ ఈ సేవా పనులకు పేర్లు త్వరగా నిండిపోతాయి, ఇవాళే ఇచ్చుకో. పాత ప్యాంటు, పాదాలు మొత్తం మూసే బూట్లు వేసుకుని వెళ్లు. బ్లాక్‌బెర్రీ ముళ్లు పల్చటి చేతి తొడుగుల్లోంచి గుచ్చుకుంటాయి, మందంవి అడుగు. వాన పడుతున్నా పని ఆపరు, రెయిన్‌కోటు మర్చిపోకు. తొమ్మిదింటికి అంటే సరిగ్గా తొమ్మిదింటికే మొదలు. చద్దన్నం డబ్బా పెట్టుకుని వెళ్లు, పన్నెండింటికి నీకు విపరీతంగా ఆకలేస్తుంది.