చెక్కిన చేతుల పేర్లు

ప్ర: జపాన్ చెక్క అచ్చు బొమ్మల కింద హొకుసాయ్, హిరోషిగే అని చిత్రకారుల పేర్లే చూస్తాం. మా నాన్నగారు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుతారు. ఆ బొమ్మల అచ్చులు చెక్కింది ఎవరు? వాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, పెడన

జ: ఉన్నాయమ్మా. ఒక బొమ్మలోనైతే దర్జాగా గోడెక్కి కూర్చున్నాయి.

ఎడో (నేటి టోక్యో) నుంచి క్యోటో దాకా సాగే టొకైడో రహదారి మజిలీలను హిరోషిగే 1833–34 ప్రాంతంలో బొమ్మలుగా వేశారు. వాటిలో గోయు అనే ఊరి బొమ్మ చూడండి. పొద్దు గూకింది. సత్రం ముందు ఒకావిడ బాటసారి మూట పట్టుకుని లాగుతోంది, మూట కట్టిన గుడ్డ అతని మెడకు బిగుసుకుపోతోంది. పక్కన గడప మీద ఇంకొకాయన చెప్పులు విప్పుకుంటుంటే, ముసలావిడ కాళ్లు కడగడానికి నీళ్ల తొట్టి తెచ్చింది. ఇంత లాగులాట దేనికంటే, తర్వాతి మజిలీ అకసకా రెండు కిలోమీటర్లు కూడా లేదు. వదిలేస్తే బేరం అక్కడికి పోతుంది!

ఆ సత్రం లోపలి పలకల మీద చెక్కినవాడు జిరోబెయి, అచ్చు వేసినవాడు హెయిబెయి అని రాసి ఉంటుంది. పెద్ద గుండ్రటి పలక మీద ఉన్నది ప్రచురణకర్త తకెనౌచి పేరు.

వాళ్లకు ఆ చోటు న్యాయంగా దక్కిందే. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసి ఇస్తే, చెక్కేవాడు దాన్ని కొండ చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీత ఒక్కటీ మిగిలేలా చుట్టూ తొలిచేవాడు. అసలు బొమ్మ ఆ పనిలోనే పోయేది. కాబట్టి ఈనాడు మన కంటికి కనిపించే ప్రతి గీతా అతని కత్తి చలవే. ఆడవాళ్ల నుదుటి దగ్గర సన్నటి వెంట్రుకలు పెద్ద మేస్త్రి స్వయంగా చెక్కేవాడు, బట్టలూ మిగతావీ శిష్యులకు అప్పజెప్పేవాడు.

మీ పెడనలో అచ్చును బట్ట మీద కొడతారు. జపాన్‌లో పలక వెల్లకిలా ఉంటుంది, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనక నుంచి రుద్దుతారు. రంగు రంగుకూ వేరే పలక. ఏ రంగూ పక్కకు జరగకుండా ప్రతి పలక మీదా ఒక మూల గుర్తు, అంచున ఒక గీత చెక్కి, కాగితాన్ని వాటికి ఆనించేవారు. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికి పలచబడేది కూడా అచ్చు వేసేవాడు పలక మీద రంగును చేత్తో సర్దడం వల్లే. ఇంతమంది పనిని మ్యూజియం చీటీలు ఒక్కరి ఖాతాలో వేయడం నాకు ససేమిరా నచ్చదు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్, బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంల వెబ్‌సైట్లలో ఈ బొమ్మలు పెద్దవి చేసి చూడొచ్చు. హిరోషిగే 1857 నాటి వంతెన మీద జడివాన బొమ్మ కూడా తీసి నాన్నగారికి చూపించండి. అందులో వాన గీతలు చెక్కలో తవ్విన గాళ్లు కావు, చుట్టూ తొలిచి నిలబెట్టిన సన్నటి గట్లు. వాటి గురించి ఆయన ఏమంటారో నాకు తప్పకుండా రాయండి.